లైటు ఆర్పే ముందు రాసుకో పాపా

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కారులో ఇంజిన్ లైటు మళ్ళీ వెలిగిందనీ, ఈసారి షెడ్డుకు పోకుండా నువ్వే చూసుకుంటానంటున్నావనీ, ఆన్‌లైన్‌లో స్కానర్ కూడా తెప్పించావనీ చెప్పింది. పై నెలలో ఆ బండిలోనే మీ అమ్మనూ నాయననూ తిరుమల కొండకు తీసుకెళ్తావట. "మీరన్నా గట్టిగా చెప్పండి బావగారూ" అంది. సరేనన్నాను గానీ నీకు ఏం చెప్పమంటావు? నా మగపిల్లలకు స్టెప్నీ మార్చడం రాదు. రేణిగుంట రోడ్డులో ఇన్నేళ్ళు షెడ్డు నడిపినా ఇంట్లో ఒక్కరూ స్పానర్ ముట్టలేదు. తమ్ముడి కూతురు ముడతానంటే వద్దని ఏ నోటితో అనేది? కానీ పడుకుంటే నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అయితే "సరే పెదనాయనా, సరే పెదనాయనా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

ముందు చున్నీ తీసి లోపల పెట్టు. జడ ముడేసుకో. గాజులు, ఉంగరం ఉండకూడదు. ఇంజిన్ ఆపేశాం కదా అని రేడియేటర్ ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టొద్దు. వేడి మీదుంటే కొన్ని బండ్లలో తాళం తీసినా అది ఉన్నట్టుండి తిరుగుతుంది. నా షెడ్డులో పనిచేసిన కుర్రాడికి చూపుడువేలి కొస అలాగే పోయింది. ఇప్పటికీ వాడు టీ గ్లాసు పట్టుకుంటే నా కళ్ళు ఆ వేలి మీదికే పోతాయి. జాకీ మీద లేపిన బండి కిందికి దూరడం మాత్రం నీ జన్మలో చెయ్యకు. కింద చూడాల్సి వస్తే ర్యాంపు ఉన్న షెడ్డుకు పో, డబ్బులు పోతే పోతాయి. షట్టర్ వేసి లోపల ఇంజిన్ ఆన్‌లో పెట్టొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఇవన్నీ తెలుసంటావు. తెలిసినా ఇంకోసారి చదువు.

పెట్రోలు మూత టిక్కుమనేదాకా తిప్పు. ఎయిర్ ఫిల్టర్ చూడు. బ్యాటరీ టెర్మినళ్ళు, ఎర్త్ వైరు గట్టిగా ఉన్నాయో లేదో చూడు. ఎలుకలు వైర్లు కొరికాయేమో టార్చి వేసి చూడు. వీటికి పెదనాయన అక్కర్లేదు.

మీ అమ్మ చదివి వినిపించిన కోడ్, అంటే ఇంజిన్ కంప్యూటర్ స్కానర్‌కు చూపిన తప్పు నంబరు, పీ0420. షెడ్డువాళ్ళు మొదట ప్లగ్గులు మార్చారు, తర్వాత పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే వెనక ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, ఇప్పుడు పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా, క్యాటలిటిక్ కన్వర్టరే పోయిందంటున్నారు. పోయి ఉండొచ్చు కూడా. కానీ కంప్యూటర్ కన్వర్టర్ లోపలికి తొంగి చూసి ఈ మాట చెప్పడం లేదు. కన్వర్టర్‌కు ముందొక సెన్సర్, వెనకొక సెన్సర్ ఉంటాయి. చాలా బండ్లలో ముందుది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. కన్వర్టర్ బాగుంటే వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. వెనకదీ ముందుదానితో పాటు ఆడుతుంటే అప్పుడు ఈ కోడ్ పడుతుంది. సైలెన్సర్ దారిలో ఎక్కడైనా బయటి గాలి దూరినా ఆ లెక్క తప్పొచ్చు.

మరి పని చేయించిన ప్రతిసారీ కొన్నాళ్ళు లైటు ఎందుకు రాలేదంటావా? వాళ్ళు పార్టు మార్చి, స్కానర్‌తో కోడ్ తుడిచేసి, "ఆరిపోయిందమ్మా, తీసుకెళ్ళండి" అంటారు. తుడిచేస్తే కంప్యూటర్ తనంతట తను చేసుకునే పరీక్షల ఫలితాలన్నీ పోతాయి. కన్వర్టర్ పరీక్ష జరగాలంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, బండి కాసేపు ఒకే స్పీడులో పోవాలి. ఇంటి నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి మార్కెట్టుకు తిరిగితే ఆ పరీక్ష ఎప్పటికీ మొదలవదు. మొదలై ఫెయిలైనా, ఇలాంటి కోడ్‌లకు మామూలుగా వరసగా రెండు ట్రిప్పుల్లో ఫెయిలైతేనే లైటు వస్తుంది. అందుకే నువ్వు ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ బాగున్నట్టే ఉంది, హైవే ఎక్కితే వచ్చింది. నీ స్కానర్‌లో రెడీనెస్ అనే పేజీ ఉంటుంది. అందులో క్యాటలిస్ట్ ఎదురుగా కంప్లీట్ అని పడేదాకా బాగైందని ఎవరన్నా నమ్మకు, నేనన్నా సరే.

ఇప్పుడు మీ నాయన సంగతి. నేను చెప్పానని చెప్పకు, ఇప్పటికీ ఆ మాటెత్తితే టీవీ సౌండు పెంచుతాడు.

నువ్వు హాస్టల్లో ఉన్న రోజులవి. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి పేషెంట్లను తీసుకెళ్ళేవాడు కదా, ఆ తెల్ల పెట్రోలు బండిలో. దానికీ ఇంజిన్ లైటు వచ్చేది. ఆసుపత్రికి పోయేవాళ్ళు ముందే భయంలో ఉంటారు. మీటర్ బోర్డులో పసుపుపచ్చగా లైటు కనబడితే "దారిలో ఆగిపోదు కదన్నా" అని అడిగేవాళ్ళు. మీ నాయనకు అది నామోషీ. రాత్రి ఇంటికొచ్చి 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేసేవాడు. పొద్దున బిగిస్తే లైటు ఉండేది కాదు. అక్కడితో ఆగినా బాగుండేది. షెడ్డుకు తీసుకెళ్ళే ముందు రోజూ అదే పని! దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు వచ్చేలోగా ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గేసి పెట్టినట్టు. మెకానిక్ స్కానర్ పెడితే ఏముంటుంది?

ఒకసారి విప్పడం మరిచిపోయాడు, కోడ్ దొరికింది. పీ0171, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని. అంతే, ఒక షెడ్డులో ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. ఇంకో చోట ఇంజెక్టర్లు కడిగారు. మరో చోట పెట్రోలు పంపు వేశారు. కొన్నాళ్ళు రాదు, మళ్ళీ వస్తుంది. మైలేజీ పడిపోయింది. నీ ఫీజుకని ఎత్తిన చీటీ డబ్బులో కొంత ఆ పంపుకే పోయింది. నీకు ఇది ఇప్పటిదాకా తెలియదు. ఆ ఏడాది మీ అమ్మ గాజులు కుదువ పెట్టింది అందుకే.

మీ అవ్వ తద్దినానికి వచ్చి రాత్రి అక్కడే పడుకున్నా. తెల్లవారుజామున మీ నాయన సెల్ఫ్ కొట్టాడు. నేను పళ్ళు తోముకుంటున్నా. ఇంజిన్ దగ్గర్నుంచి టిక్ టిక్ టిక్‌మని చప్పుడు. రేజ్ చేస్తే చప్పుడు కూడా జోరందుకుంది. బ్రష్షు నోట్లోనే పెట్టుకుని పరిగెత్తి బోనెట్ ఎత్తమన్నా. కాసేపటికి చప్పుడు పోయింది. "చూశావా, ఏం లేదు" అన్నాడు మీ నాయన. లేకపోవడం కాదు, ఇనుము వేడికి సాగి సందు చాలావరకు మూసుకుంది. మన చెవికి వినబడదు గానీ సెన్సర్‌కు తెలుస్తూనే ఉంటుంది. వేడి కవచం విప్పి చూస్తే, ఇంజిన్ పొగను సైలెన్సర్ గొట్టంలోకి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్ ఒక మూల కాలిపోయింది, పక్కనే స్టడ్డు విరిగి ఉంది, ఆ సందు దగ్గర హెడ్డు మీద వేలి వెడల్పున నల్లటి మసి. షెడ్లకు ఆ బండి ఎప్పుడూ వేడి మీదే వెళ్ళింది, ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు.

అలాంటి సందులోంచి పొగ బయటికి పోవడమే కాదు, బయటి గాలి కూడా లోపలికి లాక్కుంటుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి సెన్సర్ పెట్రోలు తక్కువైందంటుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది. సైలెన్సర్ గొట్టంలో వేలు పెడితే వేలంతా నల్లగా వచ్చింది. ప్లగ్గులూ నలుపే. పెట్రోలు తక్కువని కోడ్ అంటుంటే ఇంత మసి ఎక్కడిదని ఏ షెడ్డులోనూ ఎవరూ అడగలేదు. ప్యాకింగ్, స్టడ్డు, కూలీ అన్నీ కలిపినా ఆ పంపు ఖరీదులో పావు కూడా కాలేదు. కానీ అప్పటికే ఎక్కువైన పెట్రోలు పోయి పోయి కన్వర్టర్ చెడింది.

నీ కోడ్ వినగానే నాకు ఆ టిక్ టిక్ గుర్తొచ్చింది. నీదీ అదేనని చెప్పడం లేదు. ఒకసారి దెబ్బతిన్న చోటే ప్రతి బండిలోనూ కనబడడం ముసలి మెకానిక్‌ల జబ్బు. అయినా కన్వర్టర్‌కు డబ్బు కట్టే ముందు అది కాదని తేల్చుకో. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి వెంటనే విను. సైలెన్సర్ నోటికి ఎవరినైనా మందపాటి తడిగుడ్డ రెండు మూడు సెకన్లు అడ్డం పెట్టమను. లీకుంటే బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది. తర్వాత స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడు, కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచి, తగ్గించి పోస్తోందో అది చెబుతుంది. సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే పెద్ద గొడవ లేనట్టే. ప్లస్ 20 దగ్గరుంటే ముందు దాని కారణం పట్టుకోవాలి. ఆయిల్ ఎంత తాగుతోందో కూడా చూడు. మిస్సింగో (సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం), ఆయిల్ కాలడమో, పెట్రోలు ఎక్కువ పోవడమో, కన్వర్టర్‌ను సాధారణంగా ఏదో ఒకటి చంపుతుంది. దాన్ని వదిలేసి కొత్తది వేస్తే ఆ కొత్తదీ పోతుంది.

క్లియర్ బటన్ మాత్రం ముట్టుకోకు. లైటు వెలగడానికి కారణమైన క్షణంలో బండి స్పీడెంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత అనేది కంప్యూటర్ దాచిపెడుతుంది, ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ నొక్కితే అదీ పోతుంది. ఫోటో తియ్యి, నోట్‌బుక్‌లో కూడా రాయి. తేదీ, కిలోమీటర్లు, ఎక్కడ వెలిగింది, ఏసీ ఉందా, ఏ బంకులో పోయించావు, అన్నీ. నిజంగా బాగైతే వరసగా మూడు ట్రిప్పులు పాసయ్యాక లైటు తనంతట తనే ఆరుతుంది. దాన్ని మనం ఆర్పాల్సిన పని లేదు. షెడ్డులో పార్టు మార్చిస్తే పాతది అడిగి తెచ్చుకో, మొహమాట పడకు.

ఇక కొండ. తేల్చుకోకుండా ఎక్కకు, బస్సులున్నాయి. ఎక్కితే మాత్రం, లైటు నిలకడగా వెలిగి బండి మామూలుగా లాగుతుంటే కంగారు పడకు. ఆరుతూ వెలుగుతుంటే మిస్సింగ్ గట్టిగా ఉందన్నమాట, కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోంది. యాక్సిలరేటర్ మీద కాలు తియ్యి, ఏసీ కట్టెయ్యి, మలుపు దాటి వెడల్పున్న చోట పక్కకు ఆపు. ఎండుగడ్డి మీద ఆపొద్దు పాపా. ఆ వేడికి గడ్డి అంటుకుంటుంది. అది శేషాచలం అడవి, ఎండాకాలంలో ఒక నిప్పురవ్వ చాలు. ఎక్కే దారి 1974లో వేసింది, దిగేది 1944 నాటి పాత ఘాట్, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. దిగేటప్పుడు తక్కువ గేరులో దిగు. పెట్రోలు ఆదా అని న్యూట్రల్ చెయ్యమంటాడు మీ నాయన, వినకు.

ముందు రోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చెయ్యండి. కాణిపాకం క్రాస్ దాటాక చంద్రగిరి దాకా 70, 80 మధ్య నిలకడగా రా, ఆ పరీక్ష జరిగితే అక్కడే జరుగుతుంది. బండి రాత్రంతా మా గేటు ముందు చల్లబడుతుంది. పొద్దున నేను వచ్చేదాకా సెల్ఫ్ కొట్టకు, ఇద్దరం కలిసి విందాం. దర్శనం టికెట్లు ఏ తేదీకి దొరికాయో చెప్పు, మీ పెద్దమ్మ అడుగుతోంది.

మీ పెదనాయన
తిరుపతి