సైటేషన్లు చూసి పీహెచ్‌డీలో చేరవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి నల్లగొండలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివి జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థులకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) సాధించింది. క్యాన్సర్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. రెండు పరిశోధన కేంద్రాల్లో సీటు వచ్చింది. ఒకదానికి పరిశోధన పత్రాలు, సైటేషన్లు చాలా ఎక్కువ. అందులోనే చేర్చమంటారా?
— ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ఆ ఒక్క లెక్క చూసి చేర్చకండి. మిల్లు ముందు ఆగిన లారీలను బట్టి లోపల హమాలీకి ఎంత గిట్టుతుందో తెలియదు. మిర్యాలగూడ వారికి నేను చెప్పాలా!

ఒక పత్రాన్ని తర్వాతి పత్రాలు ఎన్నిసార్లు ఉదహరించాయన్నదే సైటేషన్ల లెక్క. లౌరీ పరీక్ష అంటే ఏమిటో మీ అమ్మాయిని అడగండి. పరీక్షనాళికలో నీలిరంగు తెప్పించి, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి ప్రొటీన్ ఎంతుందో కొలిచే ఉంటుంది. 1951 నాటి ఆ పత్రానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. అందులో కొత్త జబ్బూ లేదు, మందూ లేదు. ఉన్నది కొలిచే పద్ధతే.

క్యాన్సర్ రంగంలో ఇంకో తిరకాసు ఉంది. దేశదేశాల ఆసుపత్రులు కలిసి రోగులపై చికిత్సను పరీక్షించే ట్రయల్ పత్రంలో పదుల కొద్దీ పేర్లుంటాయి. వాటిలో తమ డాక్టరు పేరు ఒక్కటున్నా ఆ సైటేషన్లన్నీ కేంద్రం ఖాతాలో చూపించుకోవచ్చు.

అలాగని అంకెలన్నీ డొల్ల అనను. నోటి క్యాన్సర్ తొలిదశలోనే మెడలోని లింఫు గ్రంథులను కూడా తీసేయాలా, జబ్బు అక్కడికి పాకాక తీస్తే చాలా అని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు పరీక్షించి 2015లో ప్రచురించారు. ముందే తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు, ఆగినవారిలో 67.5 శాతం. అలాంటి పత్రాన్ని పదిమంది ఉదహరిస్తే దానికి అర్థముంది. అయితే అది సర్జన్ల పని. మీ అమ్మాయి కూర్చునేది కణాలు పెంచే ల్యాబులో.

అందుకే గైడును చూడండి. ఆయన దగ్గర చేరినవారిలో ఎందరు, ఎన్నేళ్లకు పూర్తిచేశారు? ఆ ల్యాబు పత్రాలు తెరిచి మొదటి పేరు ఎవరిదో చూడండి. ఈ రంగంలో సాధారణంగా మొదటి పేరు చేతులారా పని చేసినవారిది, చివరిది గైడుది. మొదటి స్థానంలో విద్యార్థుల పేర్లే కనిపించని ల్యాబు నాకైతే నచ్చదు. జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు ఎక్కడైనా ఒకటే, ఇంటి అద్దె భత్యమే ఊరిని బట్టి మారుతుంది.

చేరే ముందు అమ్మాయిని ఒకసారి ల్యాబుకు పంపండి. మీరు వెంట వెళ్లినా క్యాంటీన్ దగ్గరే ఆగిపోండి. అక్కడి విద్యార్థులు ఆమెతో చెప్పే మాటలు మీ ముందు చెప్పరు.