టెక్ సందేహాలు: కొత్తగా కట్టిన ఇంజిన్‌కు ముందుగా ఆయిల్ ప్రెషర్

గాజువాక నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: "మా నాన్నగారి 1998 నాటి కార్బురేటర్ మారుతి 800 ఇంజిన్‌ను ఆటోనగర్‌లో పూర్తిగా విప్పించి, క్రాంకు గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగులు, కొత్త ఆయిల్ పంపు వేయించాను. డబ్బు సర్దుబాటు కాక కట్టిన ఇంజిన్ నాలుగు నెలలు షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు బండిలోకి ఎక్కించాం. సెల్ఫ్ కొడితే చాలు, స్టార్టయ్యాక ప్రెషర్ అదే వస్తుందని మెకానిక్ అంటున్నారు. వీడియోల్లో మాత్రం డ్రిల్లు మెషిన్‌తో ఆయిల్ పంపును తిప్పి ముందే ప్రెషర్ తెస్తున్నారు. ఏది సరైనది?"

స్టార్టు చేసి ప్రెషర్ కోసం ఎదురుచూడవద్దు. ప్రెషర్ వచ్చిందని కంటితో చూశాకే స్టార్టు చేయండి. క్రాంకుకూ (పిస్టన్లు తిప్పే ఇరుసు), దాన్ని మోసే బేరింగుకూ మధ్య ఉండే ఖాళీ తల వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ ఖాళీలోకి పంపు పంపే ఆయిల్ పొరలాగా చేరి, తిరుగుతున్న క్రాంకును పైకెత్తి పట్టుకుంటుంది కాబట్టే లోహానికి లోహం తగలదు. ఇంజిన్ కట్టేటప్పుడు మెకానిక్ పూసిన ఆయిల్ ఆ పొరకు తాత్కాలిక ప్రత్యామ్నాయం మాత్రమే. నాలుగు నెలల్లో అందులో చాలా భాగం కిందికి జారి చాంబర్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, చేరి ఉంటుంది. మన విశాఖ ఉప్పుగాలిలో ఇన్నాళ్లు కదలకుండా ఉన్న ఇంజిన్‌కు సిలిండర్ గోడల మీద తుప్పు మచ్చలు పట్టే ప్రమాదం కూడా ఉంది.

మా బంధువుల అంబాసిడర్ ఒకటి ఇలాగే స్టార్టు చేసిన కొద్దిసేపటికే కొట్టుకోవడం మొదలుపెట్టింది. చాంబర్ దించి బేరింగు షెల్ విప్పి నా చేతిలో పెట్టినప్పుడు, బూడిద రంగులో మెత్తగా మెరవవలసిన పైపూత చెరిగిపోయి, దాని కింది రాగి రంగు గోరుతో గీకినట్టు చారలు చారలుగా బయటపడి ఉంది. కొత్త షెల్, అప్పుడే గ్రైండింగ్ చేసిన క్రాంకు రెండూ పోయాయి. ఆ పంపులోకి ఆయిల్ ఎక్కనే లేదని తరువాత తేలింది. ఈ జవాబు ఇంత వివరంగా రాయడానికి ఆ షెల్లే కారణం.

డ్రిల్లు సంగతి ముందు చెబుతాను. మీరు చూసిన వీడియోలు చాలావరకు పాత అమెరికన్ వి8 ఇంజిన్లవి. వాటిలో ఆయిల్ పంపును డిస్ట్రిబ్యూటర్ కింది కడ్డీ తిప్పుతుంది కనుక, డిస్ట్రిబ్యూటర్ తీసేసి ఆ రంధ్రంలోంచి డ్రిల్లుతో పంపును తిప్పవచ్చు. మారుతి 800లో పంపు క్రాంకు ముందు కొన మీదే ఉంటుంది. క్రాంకు తిరిగితేనే పంపు తిరుగుతుంది కనుక మీ బండికి డ్రిల్లు పద్ధతి కుదరదు.

పంపు గేర్లు పొడిగా ఉంటే గాలినే తిప్పుతూ ఉంటాయి తప్ప కింది నుంచి ఆయిల్‌ను లాగలేవు. అందుకే పంపు బిగించే ముందు దాని గేర్ల మధ్య అసెంబ్లీ లూబ్ (ఇంజిన్ కట్టేటప్పుడు పూసే చిక్కని కందెన) గానీ, పాత పద్ధతిలో వాజిలీన్ గానీ నింపుతారు. వాజిలీన్ వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. గ్రీజు అలా కలవదు, సన్నని దారుల్లో అడ్డుపడుతుంది. మీ మెకానిక్ నింపారో లేదో అడగండి. నింపలేదంటే చాంబర్ విప్పనక్కరలేదు. ఆయిల్ ఫిల్టర్ తీసి, అది కూర్చునే చోట పంపు నుంచి వచ్చే రంధ్రంలోకి, అంటే మధ్యలోని మరల గొట్టంలోకి కాకుండా దాని బయటి వైపు ఉన్న దారిలోకి, పెద్ద సిరంజితో ఆయిల్ ఎక్కించండి. అది వెనక్కి నడిచి పంపును తడుపుతుంది. తరువాత కొత్త ఫిల్టర్‌లో ఆయిల్ పోసి, కాగితం పీల్చుకునే దాకా ఆగి, మళ్లీ పోయండి. చాలామంది మధ్య రంధ్రంలో పోస్తారు, కానీ అది వడకట్టిన ఆయిల్ బయటికి వచ్చే దారి. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి పోస్తే డబ్బా అంచున ఉన్న దుమ్ము కూడా ఫిల్టర్‌లోనే ఆగిపోతుంది.

ఇంతకన్నా మేలైన దారి ఒకటుంది. నాలుగు నెలలు ఆగిన ఇంజిన్ కనుక మీకు దాన్నే సూచిస్తాను. మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయర్‌ను కొత్తది కొనండి, ఇదివరకు మందు కొట్టినది వద్దు. అందులో లీటరు ఇంజిన్ ఆయిల్ పోసి, దాని గొట్టాన్ని ఆయిల్ ప్రెషర్ స్విచ్చు ఉండే రంధ్రానికి సరైన ఫిట్టింగుతో బిగించి, గాలి కొట్టండి. ఆయిల్ అక్కడి నుంచి మెయిన్ గ్యాలరీలోకి (బ్లాకులోని ప్రధాన ఆయిల్ దారి), బేరింగుల్లోకి, పైన హెడ్ దాకా వెళ్తుంది. టాపెట్ కవర్ తీసి ఉంచి, ఒకరు స్ప్రేయర్ కొడుతుండగా మరొకరు క్రాంకు బోల్టుకు పానా వేసి, ఇంజిన్ తిరిగే వైపే నెమ్మదిగా రెండు మూడు చుట్లు తిప్పాలి. క్రాంకులోని రంధ్రాలు బేరింగుల్లోని దారులతో వంతులవారీగా కలుస్తాయి కనుక ఈ తిప్పడం తప్పనిసరి. రాకర్ల (హెడ్ పైన వాల్వులను నొక్కే చేతులు) మీద ఆయిల్ మెల్లగా ఊరి, వెలుతురులో తేనెలా సాగుతూ కిందికి జారడం కనబడినప్పుడు ఆపవచ్చు. స్ప్రేయర్‌తో వెళ్లిన ఆయిల్ కూడా చాంబర్‌లోకే దిగుతుంది కాబట్టి, చివర్లో డిప్‌స్టిక్ చూసి ఎక్కువైనది తీసేయండి.

ఆ తరువాత స్విచ్చు రంధ్రంలో మెకానికల్ గేజీ బిగించండి. జపాన్ మూలాలున్న ఇంజిన్లలో ఇక్కడ సాధారణంగా 1/8 అంగుళం బ్రిటిష్ పైపు మర ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే అమెరికన్ మర చూడటానికి అలాగే ఉంటుంది గానీ అంగుళానికి 28 చుట్లకు బదులు 27 చుట్లు ఉండి, బలవంతంగా తిప్పితే బ్లాకులోని మరను తినేస్తుంది. అందుకని పాత స్విచ్చును జేబులో పెట్టుకుని హైడ్రాలిక్ ఫిట్టింగుల దుకాణానికి వెళ్లి, దానికి సరిపోయేదే తెచ్చుకోండి.

ఇప్పుడు స్పార్కు ప్లగ్గులన్నీ తీసేయండి. కంప్రెషన్ లేకపోతే సెల్ఫ్ మోటార్ తేలికగా, వేగంగా తిప్పుతుంది, బేరింగుల మీద భారం కూడా పడదు. ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే కరెంటు వైరు తప్పించండి. మీది కార్బురేటర్ బండి కనుక మెకానికల్ పెట్రోల్ పంపు సెల్ఫ్‌కు కూడా పనిచేసి, ప్లగ్గు రంధ్రాల నుంచి పెట్రోల్ ఆవిరి బయటికి రావచ్చు. అందువల్ల ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని పంపు దగ్గర తీసి మూసేయండి. బ్యాటరీ పూర్తి ఛార్జితో ఉండాలి. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, మోటార్ చల్లబడటానికి ఒక నిమిషం ఆగి, మళ్లీ కొట్టండి. గేజీ ముల్లు మొదట వణికి, ఆ తరువాత స్థిరంగా లేస్తుంది. సెల్ఫ్ వేగానికి అది ఎంత చూపిందన్నది ముఖ్యం కాదు, లేచి నిలబడటం ముఖ్యం. నిలబడ్డాక ఇంకో రెండు విడతలు కొట్టి, అప్పుడు ప్లగ్గులు, వైర్లు, పెట్రోల్ గొట్టం బిగించి స్టార్టు చేయండి. ఆ సమయంలో ఒక మనిషి గేజీ తప్ప ఇంకేమీ చూడకూడదు. ఐదారు సెకన్లలో ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయాలి. గేజీ బిగించే ఈ అరపూట పని వల్ల మీ మెకానిక్ గౌరవానికి లోటు రాదని ఆయనకు మర్యాదగా చెప్పండి. ఆయన చేసిన పనిని కాపాడేది ఇదే.

మధురవాడ నుంచి మరొక పాఠకురాలి ప్రశ్న: "గేజీ అవసరమా? డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు ఆరితే చాలదా? లేకపోతే ఫోనుకు కలిపే ఓబీడీ బ్లూటూత్ పరికరంతో చూడవచ్చా?"

లైటు చాలదు. లైటును ఆర్పే స్విచ్చు సాధారణంగా అర బార్‌కు అటూ ఇటూగా, అంటే దాదాపు 7 పీఎస్ఐకే మారిపోతుంది. ఇంజిన్‌కు కావలసిన ప్రెషర్ దానికి ఎన్నో రెట్లు. పైగా బల్బు మాడిపోయి ఉంటే అది ఎప్పుడూ ఆరే ఉంటుంది. అందుకే ఏ పాత కారులోనైనా ముందు తాళం తిప్పి, ఇంజిన్ ఆపి ఉండగా ఆ ఎర్ర లైటు వెలుగుతోందో లేదో చూడాలి.

ఓబీడీ (బండి కంప్యూటర్ సమాచారాన్ని చదివే సాకెట్) విషయానికి వస్తే, పై పాఠకుడి కార్బురేటర్ బండికి ఆ సాకెట్టే ఉండదు. కొత్త బండ్లలో సాకెట్ ఉన్నా, చాలావాటిలో ఆయిల్ ప్రెషర్ కొలిచే సెన్సర్ లేదు, అదే ఆన్-ఆఫ్ స్విచ్చు ఉంది. కొలవనిదాన్ని యాప్ చూపలేదు. మీరు విడిగా సెన్సర్ కొని డిజిటల్ డిస్‌ప్లేకు కలిపితే అది బాగానే పనిచేస్తుంది గానీ, సెట్టింగ్‌లో ఒక్క జాగ్రత్త అవసరం. ఈ రకం సెన్సర్లు చాలావరకు సున్నా ప్రెషర్‌కు 0.5 వోల్టులు, గరిష్ఠ ప్రెషర్‌కు 4.5 వోల్టులు ఇస్తాయి. ఆ గరిష్ఠం ఎంతన్నది డిస్‌ప్లేకు మీరే చెప్పాలి. 100 పీఎస్ఐ సెన్సర్ బిగించి సెట్టింగ్‌లో 150 ఎంచుకుంటే, అసలు 20 ఉన్నప్పుడు తెర మీద 30 కనిపిస్తుంది. తక్కువ ప్రెషర్ ఎక్కువగా కనిపించడం కన్నా ప్రమాదకరమైన తప్పు ఈ పనిలో లేదు. తొలి స్టార్టుకు మాత్రం నేను ముల్లున్న గేజీనే నమ్ముతాను.

గోపాలపట్నం నుంచి ఇంకొకరు, నాలుగు విడతలు సెల్ఫ్ కొట్టినా ముల్లు కదలలేదని రాశారు. ఇంక కొట్టవద్దు. మొదట డిప్‌స్టిక్ చూడండి, తరువాత గేజీ గొట్టంలో గాలి చిక్కుకుందేమో దాన్ని ఒకసారి వదులు చేసి చూడండి. ఆ రెండూ సరిగా ఉంటే, ఫిల్టర్ తీసి పైన చెప్పినట్టు పంపులోకి ఆయిల్ ఎక్కించి మరొక్కసారి ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే చాంబర్ దించక తప్పదు. పంపు కింది జల్లెడ గొట్టం దగ్గర ఓ-రింగ్ మరిచిపోయి గాలి లాగుతూ ఉండవచ్చు, ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుని ఉండవచ్చు, లేదా లేత్ షాపులో బ్లాకు కడిగేటప్పుడు తీసిన గ్యాలరీ ప్లగ్గును (ఆ ఆయిల్ దారి చివరను మూసే బిరడా) తిరిగి బిగించడం మరిచిపోయి ఉండవచ్చు. చివరిదానికి ఆనవాలు స్పష్టంగా ఉంటుంది: స్ప్రేయర్‌తో ఆయిల్ ఎక్కించినప్పుడు రాకర్ల దాకా చేరకుండా, చాంబర్‌లోకి ధారగా పడుతున్న చప్పుడు వినిపిస్తుంది.