భయమేయలేదని రాసేముందు

చిట్టీ,

నవలల మీద నువ్వు రాసి పంపిన ఆరు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ పెద్దమ్మగా, రెండోసారి నలభై ఏళ్లుగా దెయ్యాల నవలలు చదువుతున్న మనిషిగా. పెద్దమ్మకి ముచ్చటేసింది. ఆ రెండో ఆవిడకి మాత్రం అక్కడక్కడా చిరాకేసింది. ఈ ఉత్తరం ఆవిడే రాస్తోందనుకో.

మూడు నవలల గురించి రాశావు. ఇంట్లో ఎవరో తిరుగుతున్నారన్న నవలకి “భయమేయలేదు” అని రెండు మార్కులిచ్చావు. శాపం తగిలిన రాజ్యం కథకి నాలుగున్నర. బావి నవలకి మూడు. ఇంత రాసినా నన్ను ఆపిన వాక్యం ఒక్కటే. బావి నవల గురించి చెబుతూ మధ్యలో “ఇక్కడ పుస్తకం మూసేసి, లేచెళ్లి హాల్లో లైటు వేసొచ్చాను” అన్నావు. అని, ఏదో నోరు జారినట్టు గబగబా పాత్రచిత్రణ, కథనశైలి అంటూ పెద్ద మాటల చాటుకి వెళ్లిపోయావు. ఆ లైటు సంగతి మళ్లీ వస్తాను.

ముందు “భయమేయలేదు” సంగతి తేలుద్దాం. ఆ మాట పుస్తకం గురించి ఏమీ చెప్పదు, నీ గురించే చెబుతుంది. ఆ నవలని పొద్దున్నే బస్సులో రోజుకి పది పేజీల చొప్పున చదివానని నువ్వే రాశావు. ఒకే బిగిన చదవలేనంత పొడుగు రచనైతే మధ్యలో లోకవ్యవహారాలు అడ్డొచ్చి దాని ప్రభావం ముక్కలైపోతుందని అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1846లోనే ఒక వ్యాసంలో రాశాడు. ఆయన ఎక్కువగా చిన్న కథలూ పద్యాలూ రాసుకున్నాడు కాబట్టి ఆయనకి చెల్లింది. నవల రాసేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. నువ్వు పుస్తకం మూస్తావు, అన్నం తింటావు, నిద్రపోతావు. మర్నాడు తెరిచేసరికి నిన్నటి భయం చల్లారిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ రాజెయ్యాలి. మంచి రచయిత ఎక్కడెక్కడ రాజేస్తున్నాడో చూడ్డం ఒక పని, కానీ కనీసం మొదటి యాభై పేజీలూ, చివరి యాభై పేజీలూ ఒకే బిగిన చదవడం నీ వంతు. అది చెయ్యకుండా మార్కులెయ్యకు.

ఈ తప్పు నేనూ చేశాను. మా అమ్మని ఆసుపత్రిలో చేర్చిన రోజుల్లో బయట బెంచీ మీద కూర్చుని ఒక నవల పూర్తిచేసి, “చప్పగా ఉంది” అని నోటుబుక్కులో రాసుకున్నాను. ఊరుకోకుండా కనబడ్డవాళ్లందరికీ చెప్పాను కూడా. పన్నెండేళ్ల తర్వాత అదే పుస్తకం మళ్లీ తెరిస్తే మూడో అధ్యాయం దాటేసరికి కాళ్లు మంచం మీదకి లాక్కుని కూర్చున్నాను. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. మొదటిసారి నా లోపల నిజం భయం ముందే నిండిపోయి ఉంది, కల్పన భయానికి చోటెక్కడిది? అప్పట్నించీ ప్రతి పుస్తకం దగ్గరా ఎప్పుడు, ఎక్కడ, ఏ స్థితిలో చదివానో ఒక ముక్క రాసుకుంటున్నాను.

ఇప్పుడు నీ భాష. ఆరు పేజీల్లో “ఒళ్లు గగుర్పొడిచింది” అని నాలుగుసార్లు రాశావు. గగుర్పాటు సంతోషానికీ వస్తుంది తల్లీ. తెలుగులో భయానికి ఉన్నన్ని మాటలు పెట్టుకుని ఒక్కదాన్నే అరగదీస్తావెందుకు? ఇంకా ఏమీ జరక్కముందే, ఫలానా అని చెప్పలేకుండా ఉండేది గుబులు. గుమ్మం దాటడానికి కాలు ఆడకపోతే జంకు. తలుపు ధడాలున మూసుకుంటే కలిగేది ఉలికిపాటు, అది క్షణంలో పోతుంది. గుండెలో కొట్టుకునేది దడ. చర్మం మీద పాకేది జలదరింపు. కడుపులో తిప్పేది ఏవగింపు. ఈ మాటల్లో ఏది సరిపోతుందో వెతకడం మొదలెడితే చాలు, నీ అభిప్రాయం సగం తయారైనట్టే. పేజీకో ఉలికిపాటు పెట్టి గుబులు పుట్టించలేని నవలలు కొల్లలు. ఒక్క ఉలికిపాటూ లేకుండా మూడు వందల పేజీలూ గుబులుతో నడిపేవి తక్కువ. నాకు ఆ రెండో రకమే ఇష్టం. నా పక్షపాతం నీకు తెలియాలని చెబుతున్నాను, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు.

రాజ్యం నవలలో చిత్రహింసల ఘట్టాన్ని “చాలా భయంకరం” అన్నావు. అది భయంకరమా, రోతా? నాట్యశాస్త్రం ఎనిమిది రసాలు చెబుతూ భయానకాన్నీ బీభత్సాన్నీ విడివిడిగా లెక్కపెట్టింది. ఒకదానికి స్థాయీభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, భయం, రెండోదానికి జుగుప్స. ఇంగ్లీషులో గోథిక్ నవలలు, అంటే పాత కోటలూ రహస్యాలూ భయాలూ ఉండే నవలలు, రాసిన ఆన్ రాడ్‌క్లిఫ్ కూడా, ఆవిడ పోయాక 1826లో అచ్చయిన వ్యాసంలో, మనసుని విప్పార్చి మేలుకొలిపే భయం వేరు, ముడుచుకుపోయేలా చేసి గడ్డకట్టించే భయం వేరు అంది. ఆవిడ గీసిన గీతా మన గీతా సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడవు, అయినా ఈ సరుకంతా ఒకే మూటలో కట్టలేమన్నది ఇద్దరి మాటా. బీభత్సం తక్కువదని నేననను. రోత పుట్టించడానికీ చెయ్యి తిరగాలి. కానీ రోతని పట్టుకుని భయమని మెచ్చుకుంటే రచయిత చెయ్యని పనికి మార్కులిచ్చినట్టవుతుంది.

డార్క్ ఫాంటసీకీ హారర్‌కీ ఒకే తూకం రాళ్లు వాడటం ఇంకో పొరపాటు. హారర్‌లో లోకం మన లోకమే, అందులోకి రాకూడనిది వస్తుంది. డార్క్ ఫాంటసీలో అది ముందునించీ అక్కడే కాపురం ఉంటుంది. జనం దాని పక్కనే వ్యవసాయం చేసుకుంటారు, పన్నులు కడతారు. అందుకని మొదటిదాన్ని “ఎందుకొచ్చిందో చివరిదాకా చెప్పలేదు” అని తప్పుపట్టడం అన్యాయం, చెప్పకపోవడంలోనే దాని బలం ఉండొచ్చు. రెండోదాన్ని మాత్రం నిలదియ్యి. అక్కడ మంత్రానికి వెల ఉందా? ఉంటే ఎవరు చెల్లిస్తున్నారు? నువ్వు నాలుగున్నర ఇచ్చిన నవలలో మొదటి భాగమంతా రక్తం ధారపోస్తే తప్ప మంత్రం పనిచెయ్యదు. చివరికొచ్చేసరికి నాయకుడు చిటికెలతో కానిచ్చేస్తాడు. నేనూ చదివానులే. అక్కడే అది కూలిపోయింది, నువ్వు గమనించలేదు. ఇంకొకటి: అందులో అందరూ దుర్మార్గులే, అన్ని ఊళ్లూ తగలబడ్డవే. పోగొట్టుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. చచ్చిపోయినవాళ్లలో ఎంతమంది పేర్లు గుర్తున్నాయో నీ పేజీల్లోనే చూసుకో, ఒక్కటీ లేదు.

కథ ఎవరు చెబుతున్నారో, ఎవరికి మాట్లాడే వీలివ్వలేదో తప్పక చూడు. 1818లో వచ్చిన మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో నడిమధ్యన ఆ వికృతజీవి చేతే తన కథ చెప్పించింది. దాంతో భయంలోకి జాలి వచ్చి కూర్చుంది. 1897 నాటి ‘డ్రాకులా’ అంతా డైరీలు, ఉత్తరాలు, పత్రికల ముక్కలు. అందరూ రాస్తారు, డ్రాకులాకి మాత్రం డైరీ లేదు. అతని లోపల ఏముందో మనకి దొరకదు, అందుకే అతను అంతసేపు నిలబడతాడు. నువ్వు రెండు మార్కులిచ్చిన నవలలో ఆ ఇంట్లో తిరిగేది ఎవరో చెప్పడానికి రచయిత ఒక అధ్యాయమంతా దాని వైపునించి రాశాడు. బస్సులో చదవడం ఒక్కటే కాదు, నీ భయం పోవడానికి అదీ కారణమేమో చూడు. అలా తేలితే ఆ రెండు మార్కులు నిలుస్తాయి, నేనే ఒప్పుకుంటాను.

పాతవాటి జోలికి వెళ్తే కాస్త ఓపిక పట్టు. 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ అనే కోట కథతోనే గోథిక్ నవల మొదలైందంటారు. అందులో పెళ్లిరోజున ఎక్కడినించో కొండంత శిరస్త్రాణం మీద పడి పెళ్లికొడుకు చస్తాడు. నాకు నవ్వాగలేదు. నవ్వొచ్చిందనే రాయి, పాతదని మొహమాటపడి లేని భయం నటించకు.

ముగింపులు చాలావాటికి తేలిపోతాయి. దాక్కున్నది బయటికొచ్చాక అది మన ఊహ కంటే చిన్నదిగానే ఉంటుంది. ఆఖరి పది పేజీల కోపంతో మిగతా మూడు వందలనీ తిట్టొద్దు. గుట్టు విప్పి చెప్పడం కూడా వద్దు. కథలో మొదటి మూడోవంతు దాటి ఏ సంఘటననీ పేరుపెట్టి చెప్పకుండా రాయడం అలవాటు చేసుకో, మొదట్లో చేతులు కట్టేసినట్టుంటుంది. ఏ పుస్తకమైనా మరీ ఇబ్బంది పెడితే పక్కన పడెయ్యి. ఎక్కడ ఆపావో, ఎందుకు ఆపావో రాస్తే అదీ అభిప్రాయమే. నేను సగంలో వదిలేసినవి బీరువాలో ఒక అరనిండా ఉన్నాయి.

ఇక ఆ లైటు. బావి నవల నూట పన్నెండో పేజీ దగ్గర అనుకుంటాను నువ్వు లేచింది, నా ప్రతిలో అక్కడే చేద చప్పుడు ఆగుతుంది. చప్పుడు రావడం కాదు, ఆగడం. ముందు నలభై పేజీలు ఆ చప్పుడుని మన చెవులకి ఎలా అలవాటు చేశాడో వెనక్కి వెళ్లి చూడు, పెన్సిలుతో గీతలు పెట్టు. పాత్రచిత్రణ, కథనశైలి పేరాలు రెండూ కొట్టేసి, ఆ చోట ఒక పేజీ రాసి పంపు. నీ కాగితాలు దీంతో తిప్పి పంపుతున్నాను, అంచుల్లో గీతలన్నీ నావే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ