ప్యానెల్ ఇంటికి విశాఖ గాలి పడుతుందా?

ఇల్లు కట్టేవారి ప్రశ్నలకు మా ఇంజినీర్ల జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం థర్మాకోల్ ప్యానెల్ గోడల గురించే ఉన్నాయి. అందుకే విశాఖ పాఠకుల ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి ఉండే ఇల్లు చెక్క ఫ్రేముతో కట్టినది. పక్కింటివాళ్లు మాత్రం మధ్యలో థర్మాకోల్ ఉన్న ప్యానెళ్లతో కట్టుకున్నారట, కరెంటు బిల్లు బాగా తగ్గిందట. మాకు 200 గజాల స్థలం ఉంది. ఇక్కడ అలా కట్టుకోవచ్చా?
ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: కట్టుకోవచ్చు. కానీ అక్కడి ప్యానెల్‌ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ నిలబెట్టమని మాత్రం చెప్పలేం.

చెక్క ఫ్రేము ఇంట్లో 16 అంగుళాలకొక నిలువు చెక్క పెట్టి, మధ్య ఖాళీల్లో దూదిలాంటి ఇన్సులేషన్ కూరి, రెండు పక్కలా పలకలు కొడతారు. ఇన్సులేషన్ ఎంత మంచిదైనా నిలువు చెక్క ఉన్నచోటల్లా వేడి దాటి వస్తుంది. థర్మాకోల్‌తో పోలిస్తే చెక్క వేడిని మూడింతలు ఎక్కువగా పోనిస్తుంది మరి. మీరడిగిన థర్మాకోల్ ప్యానెల్‌ని సిప్ ప్యానెల్ అంటారు, అందులో ఆ చెక్కలే ఉండవు. చెక్క పేళ్లను జిగురుతో ఒత్తి చేసిన 11 మి.మీ. ఓఎస్‌బీ పలకలు రెండింటి మధ్య 90 మి.మీ. థర్మాకోల్ దిమ్మను అతికిస్తారు. ఇనుప గర్డరులో పైరెక్క, కిందిరెక్క బలాన్ని తీసుకుంటే నడుమ రేకు వాటిని విడిపోకుండా పట్టుకుంటుంది కదా, ఇక్కడ థర్మాకోల్ చేసే పని అదే. జిగురు వదిలిందంటే ఇక అది గోడ కాదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలోంచి వచ్చే వేడిలో సుమారు ఆరోవంతే ఈ ప్యానెల్‌లోంచి వస్తుంది. బరువు చదరపు మీటరుకు 16 కిలోలు. ప్లాస్టరింగుతో కలిపి ఇటుక గోడ అయితే 500 కిలోల దాకా ఉంటుంది.

ఓఎస్‌బీకి శత్రువు నీళ్లు. కోసిన అంచు ఒకసారి తడిసి ఉబ్బితే ఎండినా మళ్లీ పాత మందానికి రాదు. అందుకని మన తీరంలో రెండు పక్కలా సిమెంటు ఫైబర్ బోర్డు ఉన్న ప్యానెల్‌ వైపే మేం మొగ్గుతాం. ఇక్కడ ఒక మోసం జరుగుతుంది, జాగ్రత్త. ఆఫీసుల్లో అడ్డుగోడల కోసం 50, 75 మి.మీ. మందంలో అమ్మే ప్యానెళ్లు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి, కానీ అవి కప్పు బరువు మోయవు. పైనుంచి పడే బరువుకు, ఎదురుగాలికి, పక్కకు ఒరిగే తోపుకు విడివిడిగా చేసిన పరీక్షల రిపోర్టు అడగండి. అది ఇవ్వలేకపోతే స్టీలు ఫ్రేము వేసి, ప్యానెల్‌ని గోడగా మాత్రమే వాడండి. ఇండోర్‌లో కేంద్ర ప్రభుత్వ లైట్‌హౌస్ ప్రాజెక్టు కింద కట్టిన 1,024 ఇళ్లు ఈ పద్ధతివే. బరువంతా స్టీలు ఫ్రేముది, ప్యానెల్ గోడ మాత్రమే.

ప్రశ్న: హుద్‌హుద్‌లో మా పెరట్లో రేకుల షెడ్డు లేచిపోయింది. ప్యానెల్ కప్పు కూడా అంతేనా?
ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: బిగింపు సరిగా లేకపోతే అంతేనమ్మా. లెక్క చూపిస్తాం.

భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోలు. 20×30 అడుగుల కప్పు అంటే 56 చదరపు మీటర్లు, దాన్ని పైకి లాగే బలం సుమారు 8 టన్నులు. అయిదంగుళాల శ్లాబు బరువు 17 టన్నులు కాబట్టి కదలదు. ప్యానెల్ కప్పు రేకుతో కలిపి టన్నున్నర కూడా ఉండదు. మిగతా ఆరున్నర టన్నుల పనీ స్క్రూలూ పట్టీలే చేయాలి. అంచుల్లో, మూలల్లో లాగుడు ఇంకా ఎక్కువ. కిటికీ పగిలి గాలి లోపలికి దూరితే కింద నుంచి కూడా తోస్తుంది.

కప్పు నుంచి గోడకు, గోడ నుంచి పునాదికి గొలుసులా పట్టు ఉండాలి. పట్టు తప్పేది స్క్రూ విరిగి కాదు, దాని తల దగ్గర. చిన్న తల పలకను చీల్చుకుని దిగిపోతుంది. అందుకే వెడల్పు వాషరు ఉన్న ప్యానెల్ స్క్రూలే వాడాలి. మధ్యలో 12 అంగుళాలకు ఒకటి, అంచుల్లో 6 అంగుళాలకు ఒకటి. డ్రిల్లు మిషన్‌తో బలంగా దింపితే తల పలకలోకి కూరుకుపోయి, సగం పట్టు అప్పుడే పోతుంది. వాషరు పలకను తాకగానే ఆపేయాలి. సముద్రానికి కిలోమీటరు లోపు ఉంటే స్టెయిన్‌లెస్ 316 రకం తీసుకోండి. మామూలు జింకు పూత ఉప్పుగాలికి నిలవదు.

కప్పు నాలుగు పక్కలా వాలుగా ఉండాలి, చూరు అడుగున్నర దాటకూడదు. మన తీరంలో మత్స్యకారుల చుట్టిళ్లు చూడండి. గుండ్రటి గోడ, నేలకు దగ్గరగా దిగిన చూరు, గాలికి పట్టు దొరికే చోటే ఉండదు.

ప్రశ్న: మేడ మీద 20×30 అడుగుల పోర్షన్ వేయాలి. పాత ఇల్లు కాబట్టి బరువు పెట్టొద్దన్నారు. ఎన్ని ప్యానెళ్లు పడతాయి? మేస్త్రీ దగ్గర ఏం చూసుకోవాలి?
ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: చుట్టుకొలత 100 అడుగులు. 4×10 ప్యానెళ్లయితే బయటి గోడలకు 25. తలుపులు, కిటికీల ముక్కలు మిగిలినా మరో రెండు అదనంగా తెప్పించుకోండి, రవాణాలో మూలలు దెబ్బతింటాయి. బయటి తొడుగు, లోపలి జిప్సం బోర్డు కలిపినా గోడల బరువు 4 టన్నులు దాటదు. ఇటుకతో కడితే 46 టన్నులయ్యేది. అయినా గోడలు కింది బీముల మీదే రావాలి. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టండి.

ముందుగా శ్లాబు మీద గోడ గీత వెంట ఆరంగుళాల కాంక్రీటు గట్టు పోయించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. ప్యానెల్ మేడ నేలను తాకితే వాననీళ్లు అడుగు నుంచి పీల్చుకుంటుంది. గట్టు మట్టం 10 అడుగులకు 3 మి.మీ. కంటే తేడా ఉండకూడదు. దాని మీద తేమ పైకెక్కకుండా ఆపే డీపీసీ పట్టీ, ఆపైన ప్యానెల్ పూర్తి మందం ఉన్న, పుచ్చకుండా మందు పట్టించిన (ట్రీటెడ్) పైన్ చెక్క. దాన్ని 12 మి.మీ. బోల్టులతో రెండడుగులకు ఒకచోట, మూలల్లో అడుగు లోపే బిగించాలి. ఆ చెక్క మీద ఇంకో సన్నటి చెక్క, థర్మాకోల్ మందం మేరకే ఉంటుంది. ప్యానెల్ అడుగున ఉన్న గాడి దీనిమీద కూర్చుంటుంది.

మన దగ్గర ఎక్కువగా తప్పేది సరిగ్గా ఇక్కడే. ప్యానెల్ రెండు పలకల అంచులూ కింది చెక్క మీద ఆనాలి. గట్టు వంకరైతే బయటి పలక గాలిలో వేలాడుతుంది, బరువంతా లోపలి పలక మీద పడుతుంది. నెలలు గడిచాక తలుపు బిగుసుకుంటుంది. అందరూ వడ్రంగిని తిడతారు, తప్పేమో గట్టుది. కూర్చోబెట్టాక కింద సన్నటి రేకు ముక్క దూర్చి చూడండి, దూరితే విప్పించేయండి.

మూల నుంచి మొదలుపెట్టి, ప్రతి జాయింటులోనూ సీలెంట్ పెట్టి, 3 మి.మీ. సందు వదిలి జోడించాలి. సందు లేకుండా గుద్దితే వాన కాలంలో పలకలు ఉబ్బి అంచులు పైకి లేస్తాయి. కప్పు పడేదాకా ఊతకర్రలు తీయొద్దు. బాత్రూం గోడలు మాత్రం ఏఏసీ (తేలికపాటి కాంక్రీటు) దిమ్మెలతో కట్టండి, నీళ్ల పైపులేవీ ప్యానెల్ గోడలో వద్దు.

ప్రశ్న: ప్యానెల్ గది కట్టి ఏడాదైంది. ఏసీ వేసే గదిలో జాయింట్ల వెంబడి నల్లటి బూజు, ఎనామిల్ పెయింటు పొంగుతోంది. పైనుంచి లీకేజీ లేదు. నీరెక్కడిది?
ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: బయటి గాలిది. 32 డిగ్రీల ఎండ, 75 శాతం తేమ ఉన్న రోజున ఆ గాలి 27 డిగ్రీలకు చల్లబడగానే నీరు విడుస్తుంది. మీ ఏసీ గదిలో గోడ 24 డిగ్రీలు. సీలు కాని జాయింటులోంచి దూరిన గాలి లోపలి బోర్డు వెనక చల్లటి ముఖాన్ని తాకి, చల్లనీళ్ల చెంబుకు చెమట పట్టినట్టు నీరు విడుస్తుంది. ఎనామిల్ పెయింటు ఆ తేమను గదిలోకి ఆరనివ్వదు. చలి దేశాల్లో ఇది తిరగబడి, లోపలి ఆవిరి బయటికి పోతూ తడుపుతుంది. ఆ దేశాల పుస్తకం చూసి లోపలివైపు ప్లాస్టిక్ షీటు వేసేవారికి ఇక్కడ ఇదే గతి.

లోపల పుట్టీ పెడితే ఆగదు. బూజు ఉన్నచోట జిప్సం బోర్డు ఒక ముక్క కోసి, వెనక పలకను స్క్రూడ్రైవరుతో నొక్కండి. మెత్తగా దిగితే ఆ ప్యానెల్ మార్చాల్సిందే. గట్టిగా ఉంటే తెరిచే ఉంచి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత బయటి తొడుగు విప్పి, జాయింట్లలో ఫోమ్ నింపి, నాలుగంగుళాల బ్యూటైల్ (రబ్బరు జిగురు) టేపు అతికించి రోలరుతో ఒత్తాలి. లోపల ఎనామిల్ గీకేసి మామూలు ఎమల్షన్ వేయండి. ఏసీ పెద్దదైతే అదీ కారణమే. గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం గదిలోనే ఉంటుంది. ఇన్సులేషన్ ఉన్న గదికి ఇటుక గదికి పెట్టేంత టన్నేజి అక్కర్లేదు.

ప్రశ్న: థర్మాకోల్‌ని చెదలు తింటాయా? వైర్లు ఎలా లాగాలి?
ఒక పాఠకుడు, పెద వాల్తేరు

జవాబు: తినవు, కానీ తొలుచుకుంటూ చెక్క దాకా పోతాయి. నేల మీద కట్టేటప్పుడు చెదల నివారణకున్న భారత ప్రమాణం ఐఎస్ 6313 ప్రకారం మందు కొట్టించండి: ప్లింత్ నింపిన మట్టి మీద చదరపు మీటరుకు 5 లీటర్లు, పునాది పక్క గోడలకు 7.5 లీటర్లు. వైర్లకు దారులు ఫ్యాక్టరీలోనే థర్మాకోల్ లోపల తొలిపించుకోండి. గోడ నిలబెట్టాక కట్టరుతో పలకకు అడ్డంగా గాడి కోస్తే గోడ బలం అక్కడికక్కడే తెగుతుంది. పీవీసీ తొడుగు వైరును నేరుగా థర్మాకోల్‌కు ఆనించొద్దు. తొడుగులోని మెత్తదనాన్నిచ్చే నూనె థర్మాకోల్‌లోకి దిగిపోయి, వైరు పెళుసెక్కి పగులుతుంది. పైపులోంచే లాగించండి. వంటగదిలో స్టవ్ వెనక జిప్సం బదులు సిమెంటు బోర్డు వేయించండి, థర్మాకోల్ 100 డిగ్రీలకు ముందే మెత్తబడుతుంది.