సెలవుల్లో కూడా టైంటేబులేనా?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులమే. బాబుకి 12 ఏళ్లు, పాపకి 7. అత్తయ్య మాతోనే ఉంటారు. సెలవులు వృథా కాకూడదని ఈత, అబాకస్, చేతిరాత, కోడింగ్ అన్నీ మాట్లాడి పెట్టాను. బాబు 'దీనికన్నా స్కూలే నయం' అని ఏడ్చాడు. మావారేమో ఇద్దర్నీ సూర్యాపేట దగ్గర మా పుట్టింటికి సెలవులన్నాళ్లూ పంపేయమంటున్నారు. ఏదీ లేకపోతే రోజంతా ఫోనే. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. ఆఫీసులో కూర్చుని ఇంట్లో పిల్లలేం చేస్తున్నారో అని మథనపడే తల్లికి వాళ్ల రోజులో ఒక్క గంట ఖాళీ కనబడినా భయంగానే ఉంటుంది. కానీ బాబు మాటని మొండితనం అనుకోకండి. ఏడాదంతా స్కూలు, ట్యూషన్, హోంవర్కు చేసిన పిల్లాడు కాస్త ఊపిరి తీసుకోనివ్వమని అడుగుతున్నాడు, అంతే.

ఏప్రిల్ చివర్లో మూసిన బడులు మళ్లీ జూన్ 12 ప్రాంతాల్లో కదా తెరిచేది. ఆ ఏడు వారాలకి ఒక్కొక్కరికి ఒక్క క్లాసు చాలు, అదీ వాళ్లు కోరుకున్నది. ఆటలంటే ఇష్టమైతే మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లు ఏటా వేసవిలో మైదానాల్లో కోచింగ్ శిబిరాలు పెడతారు, ఫీజు తక్కువే, ఎండ ముదరకముందే ఇంటికొచ్చేయొచ్చు.

అసలు చిక్కంతా పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా. బయటికి పంపలేం, ఇంట్లో ఉంటే ఫోను. ఆ టైంలో వాళ్లని చూసుకునేది మీ అత్తగారు. ఆవిడ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, నాకు మాత్రం ముందు ఆవిడతోనే మాట్లాడాలనిపిస్తోంది. 'అత్తయ్యా, మధ్యాహ్నం మీకేం కష్టంగా ఉంటుంది, ఎంతసేపు పడుకోవాలి' అని అడిగారా? ఆవిడ నిద్రపోయే రెండు గంటలూ ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని పిల్లలకి గట్టిగా చెప్పండి, ఆ టైంలో పుస్తకం, బొమ్మలు, క్యారమ్స్, ఏదైనా సరే. ఫోను మాత్రం ఆవిడ లేచాక ఒక గంట, హాల్లో కూర్చుని, తర్వాత మళ్లీ ఆవిడ చేతికే. ఈ రూలు మీరూ, మీవారూ పెట్టి పిల్లలకి చెప్పాలి. నాయనమ్మ మీద వదిలేస్తే రోజూ గొడవే, పాపం ఆవిడ చెడ్డవారవుతారు. మొదటి వారం 'బోర్ కొడుతోంది' అని మీకు ఆఫీసుకి ఫోన్లు వస్తాయి. కంగారుపడి వెంటనే ఏదో ఒకటి కొనివ్వకండి. కాసేపటికి వాళ్లే ఏదో కనిపెట్టుకుంటారు.

ఆవిడకి ఓపికుంటే ఆవకాయ పెట్టేటప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టుకోమనండి. కాయలు తుడవడం, ముక్కల్లోంచి జీడి తీయడం పాప చేస్తుంది. ఉప్పు, కారం, ఆవపిండి కొలిచే బాధ్యత బాబుకిస్తే తూకం, లెక్క రెండూ దానంతటవే వస్తాయి.

ఆదివారాలు మీవారివి. 'ఊరికి పంపెయ్' అనే ముందు ఆయన ఒక్క ఆదివారమైనా పిల్లల్ని తిప్పాలని నా గట్టి అభిప్రాయం. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు, ఏ స్టేషన్ తర్వాత ఏది వస్తుందో బాబునే చెప్పమనండి. అక్కణ్నుంచి సాలార్‌జంగ్ మ్యూజియంకి ఆటో. పన్నెండుకి కాస్త ముందే అక్కడి మ్యూజికల్ గడియారం దగ్గరుంటే, బొమ్మ బయటికొచ్చి పన్నెండు సార్లు గంట కొట్టడం పాప చూస్తుంది. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.

ఇంకోటి, పైసా ఖర్చు లేనిది. మే 9 ప్రాంతాల్లో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలప్పుడు డాబా మీద నిటారుగా ఒక సీసా నిలబెడితే పక్కన నీడే కనబడదు. ముందు వారం నుంచి రోజూ అదే టైంకి నీడ పొడవు సుద్దముక్కతో గీసుకుంటూ వస్తే బాబుకి అదే మంచి ప్రాజెక్టు. టోపీ పెట్టుకుని ఐదు నిమిషాల్లో దిగిపోవాలి.

పుట్టింటికి పంపడం మంచిదే, కానీ పది పదిహేను రోజులకి. ఏడు వారాలంటే మీ అమ్మానాన్నలకీ భారమే, పాప మీమీద బెంగపెట్టుకుంటుంది. మొదటి రెండు రోజులు మీరో, మీవారో కూడా ఉండండి. బావులు, చెరువుల దగ్గరికి పెద్దవాళ్లు లేకుండా వెళ్లకూడదని పిల్లలకీ, మీ అమ్మానాన్నలకీ విడివిడిగా చెప్పండి. బాబు ఇక్కడ నాలుగు రోజులు ఈత నేర్చుకున్నాడు కదా అని అక్కడ ధైర్యం చేయనివ్వద్దు, ఏటా వేసవిలో ఇలాంటి ప్రమాదాలు వింటూనే ఉన్నాం.

ఈ రాత్రి భోజనాలయ్యాక క్యాలెండర్ ముందేసుకుని ఐదుగురూ, అత్తయ్యతో సహా, కూర్చోండి. ముందు పిల్లల్ని మాట్లాడనివ్వండి. ఎక్కడైనా అడ్వాన్స్ కట్టేసి ఉంటే డబ్బు వెనక్కిస్తారేమో రేపే కనుక్కోండి. అబాకస్ పాపకి నిజంగానే ఇష్టమైతే అదొక్కటీ ఉంచండి.