ఆ మేడగదుల్లో కాపురాలు ఉండేవి

"పాత భవనాన్ని వేరే పనికి మార్చేస్తే ఇక అందులో పాతదనం ఏం మిగులుతుంది?" అని ఒకరు నన్ను అడిగారు. చాలా మిగులుతుంది, మార్చేవాళ్లకు దాని మీద గౌరవం ఉంటే. నేను లండన్‌లో ఉంటాను, పెకమ్ రోడ్డులోని పాత ఫైర్ స్టేషన్ గురించి చెబుతాను. దాన్ని 1867లో కట్టారు. ఫైర్ స్టేషన్ కోసమే కట్టి, ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో లండన్‌లో ఇదే అన్నిటికన్నా పాతది. 2018 నుంచి సౌత్ లండన్ గ్యాలరీ అనే కళా ప్రదర్శనశాల అందులో ప్రదర్శనలు పెడుతోంది.

మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఆయన జీవితమంతా తాపీ మేస్త్రీగా పనిచేశారు. ప్రదర్శనలో పెట్టినవాటిని పట్టించుకోలేదు. గోడను అరచేత్తో తడిమారు. మేడమీద ఒక గదిని అడుగులతో కొలిచారు. కిటికీ దగ్గర కాసేపు నిలబడి, "ఇవి ఆఫీసు గదులు కావమ్మా. ఇక్కడ పెళ్లాం పిల్లలతో కాపురాలు చేశారు" అన్నారు. ఆయనకు ఇంగ్లిష్ రాదు, గోడ మీది వివరాలు చదవలేదు. గది కొలతలే ఆయనకు ఆ సంగతి చెప్పేశాయి.

ఆయన అన్నది అక్షరాలా నిజం. 1861లో లండన్‌లోని టూలీ వీధి గోదాములు తగలబడి, మంటలార్పే దళానికి అధిపతి అయిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ గోడ కూలి చనిపోయారు. అంతవరకు ఆ దళాన్ని నడిపింది బీమా కంపెనీలే. అంత నష్టం తర్వాత ఆ భారం ఇక మోయలేమన్నాయి. 1865లో చట్టం వచ్చింది, మరుసటి ఏడాది నుంచి మాసీ షా నాయకత్వంలో నగరానికి సొంత దళం ఏర్పడింది. ఏ అర్ధరాత్రి కబురొచ్చినా క్షణాల్లో బయలుదేరాలి కాబట్టి కింద బండి, పైన మనుషులు, వాళ్ల సంసారాలు. ఆ భవనాన్ని గ్యాలరీగా మార్చిన 6ఎ ఆర్కిటెక్ట్స్ సంస్థ ఆ ఇంటి వాలకాన్ని పోనివ్వలేదు. నా దృష్టిలో వాళ్లు చేసిన గొప్ప పని అదే.

చిల్టర్న్ వీధిలో 1889 నాటి మరో స్టేషన్ ఉంది. రాబర్ట్ పియర్సాల్ గీసిన గోథిక్ (పాతకాలపు చర్చిల తరహా) భవనం, ఎర్ర ఇటుకలతో అద్భుతంగా ఉంటుంది. 2005లో మూతపడి, తర్వాత ఖరీదైన హోటల్‌గా మారింది. 2025 ఫిబ్రవరిలో అది మంటల్లో చిక్కుకున్న వార్త చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది. కానీ హోటల్‌గా ఉన్నన్నాళ్లూ మా నాన్నలాంటి మనిషి లోపలికి వెళ్లి గోడ తడిమి చూడగలిగేవాడా? ఊరందరి కోసం కట్టినదాన్ని డబ్బున్నవాళ్లకే పరిమితం చేయడం నాకు ఎప్పటికీ నచ్చదు. లండన్‌లో ఇలాంటి పాత స్టేషన్లు ఎన్నో ఫ్లాట్లుగా మారాయి. వాటిలో మనకు దక్కేది వీధిలోంచి చూసే చూపే.

పెకమ్ రోడ్డు గ్యాలరీకి టికెట్ అక్కర్లేదు. వెళ్తే ముందు వీధికి అటువైపు నిలబడి, గుర్రపు బండ్లు దూసుకొచ్చిన ఆ తలుపుల వెడల్పు చూడండి. ఆ తర్వాత మేడ ఎక్కండి.