మీ నాన్నను డబ్బు అడిగే ముందు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. లినక్స్‌కు (విండోస్‌లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పోర్ట్ చేసిన, అంటే దానికి తగ్గట్టు మార్చిన, స్ట్రాటజీ ఆటలు నీ ల్యాప్‌టాప్‌లో నడుస్తాయా, లేక గ్రాఫిక్స్ కార్డున్న కొత్తది కొనిపెట్టమని నాన్నను అడగాలా అన్నావు. రెండో ప్రశ్నకే ముందు జవాబిస్తాను: ఇప్పుడే అడగవద్దు. కాలేజీ ల్యాబుల్లో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం, ఇంటికొచ్చాక తెరమీద సామ్రాజ్యాలు కట్టడం నాకిష్టమైన కాలక్షేపం. ఆ రెండింటి అనుభవంతో చెబుతున్నాను, నువ్వు రాసిన ఆటల్లో ఎక్కువ భాగాన్ని నీ దగ్గరున్న యంత్రం మోయగలదు. కొన్నింటిని మోయలేదు. ఏది ఏ కోవలోకి వస్తుందో పెద్ద ఖర్చు లేకుండానే తేల్చుకోవచ్చు.

నీది ఎనిమిదో తరం ఐ5 8250యు ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. విడి గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లో ఇమిడి ఉన్న యూహెచ్‌డీ 620తోనే పని గడవాలి. చదువుకోసమో ఆఫీసు పనికోసమో కొన్న ల్యాప్‌టాప్‌లలో ఇలాంటివి ఎన్నో. దీన్ని తక్కువగా చూడకు. 2019 మే నెలలో వచ్చిన టోటల్ వార్: త్రీ కింగ్‌డమ్స్ ఆటకు విండోస్‌లో ఉండాల్సిన కనీస అర్హతల పట్టికలో ఈ యూహెచ్‌డీ 620 పేరే ఉంది. ఆ కనీస అర్హతతో ఏం దక్కుతుందో కూడా తయారీదారులు దాచకుండా రాశారు: 1280 బై 720 తెర, అన్ని సెట్టింగులూ అడుగున, ఒక్కో పక్షాన 20 దళాలు తలపడే యుద్ధంలో సెకనుకు 25 నుంచి 35 ఫ్రేములు, అంటే తెరమీద మారే బొమ్మలు. ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌తో ఆడేవారికి 4 జీబీ ర్యామ్ చాలదు, 6 జీబీ కావాలనీ చెప్పారు. ఇంత స్పష్టంగా రాసేవాళ్లు అరుదు. చాలా పట్టికల్లో 'కనీసం' అన్న మాటను ఆట తెరుచుకుంటుంది అన్నంతవరకే నమ్మాలి.

అయితే అది విండోస్ పట్టిక. ఆటను ఇంకో వ్యవస్థకు పోర్ట్ చేస్తే పట్టిక కూడా మారుతుంది. నువ్వు నాకు పంపిన వివరాలన్నీ విండోస్‌వే, అందుకే ఈ మాట నొక్కి చెబుతున్నాను. సివిలైజేషన్ 6 విండోస్‌లో 2016 అక్టోబరులో వచ్చింది. 4 జీబీ ర్యామ్ చాలన్నారు, ఇంటెల్ 530 లాంటి ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ సరిపోతుందన్నారు. ఆస్పైర్ సంస్థ 2017 ఫిబ్రవరిలో దాన్ని లినక్స్‌కు తెచ్చినప్పుడు ర్యామ్ 6 జీబీకి పెరిగింది, గ్రాఫిక్స్ గడిలో ఎన్‌విడియా కార్డు పేరు వచ్చింది. అదే ఆట, అవే పటాలు. మరి బరువు ఎక్కడ పెరిగింది?

విండోస్ ఆటలు తెరమీద బొమ్మ గీయమని డైరెక్ట్‌ఎక్స్ ద్వారా అడుగుతాయి. లినక్స్‌లో డైరెక్ట్‌ఎక్స్ లేదు. పోర్ట్ చేసేవాళ్లు ఆ ఆదేశాలన్నింటినీ ఓపెన్‌జీఎల్‌లోకో, 2016లో వచ్చిన వల్కన్‌లోకో తిప్పి రాయాలి. ఓపెన్‌జీఎల్‌తో చేసిన పోర్టుల్లో ఆ తిప్పే భారం చాలావరకు ప్రాసెసర్‌లోని ఒకే కోర్ (లెక్కలు చేసే భాగం) మీద పడుతుంది. స్ట్రాటజీ ఆటలో ప్రత్యర్థుల ఆలోచనలు, దళాల దారులు లెక్కకట్టే పని కూడా ఆ ప్రాసెసర్‌దే కాబట్టి రెండు బరువులూ ఒకచోట చేరతాయి. వల్కన్‌లో ఆ పనిని కోర్ల మధ్య పంచుకునే వీలుంది. అందుకే ఫెరల్ ఇంటరాక్టివ్ వాళ్లు మొదట్లో లినక్స్‌కు తెచ్చిన ఆటలకూ, 2018లో తెచ్చిన టోటల్ వార్: వార్‌హ్యామర్ 2 నాటి వల్కన్ పోర్టులకూ తేడా ఉంది. ఏ పోర్ట్ కొనాలన్నా దాని లినక్స్ పట్టిక చూడు, అందులో వల్కన్ అని ఉందో లేదో చూడు. కార్డు పేరు ఆ తర్వాత చూద్దువు.

సొంత లినక్స్ రూపం లేని ఆటలకు ప్రోటాన్ ఉంది. వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో దీన్ని తన ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్‌లో చేర్చింది. విండోస్ ఆటనే తీసుకుని, డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలను నడుస్తుండగానే వల్కన్‌లోకి మారుస్తుంది. లినక్స్ రూపం ఉన్నా అది కుంటుతుంటే, స్టీమ్‌లో ఆ ఆట ప్రాపర్టీస్ తెరిచి కంపాటిబిలిటీ కింద ప్రోటాన్ ఎంచుకో. విండోస్ రూపం దిగుతుంది. రెండింటినీ ఆడి చూసి ఏది హాయిగా ఉంటే అది ఉంచుకో, అదనంగా పైసా ఖర్చు లేదు. కొన్ని పాత పోర్టుల కంటే ప్రోటాన్ దారే మెరుగని నా అభిప్రాయం. మొదటిసారి ఆడేటప్పుడు తెర అక్కడక్కడా తడబడితే కంగారుపడకు. బొమ్మకు కావలసిన షేడర్లు (వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవుతుంటాయి, తర్వాత సర్దుకుంటుంది. నీ 620కి వల్కన్ మద్దతు బాగానే ఉంది. 2012 నాటి హెచ్‌డీ 4000 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లకు మాత్రం ఈ దారి కష్టం, నీ స్నేహితులకూ చెప్పు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన సంగతి. స్ట్రాటజీ ఆట మొదటి గంటలో యంత్రం సత్తా బయటపడదు. సివిలైజేషన్ 6 మొదలుపెట్టగానే నీకు ఒక నగరం, ఒక యోధుడు, చుట్టూ తెలియని నేల. ఆ దశలో ఏ కంప్యూటర్ అయినా చురుగ్గానే ఉంటుంది. రెండు వందలో టర్న్ (వంతు) దాటాక చూడు. నువ్వు నెక్స్ట్ టర్న్ నొక్కుతావు. ప్రత్యర్థి రాజ్యాలన్నీ తమ నగరాల్లో ఏం కట్టాలో, ఒక్కో దళాన్ని ఏ గడి మీదుగా నడపాలో వరుసగా లెక్క కడతాయి. వాటి లెక్క ముగిసేదాకా నీ చేతికి ఆట రాదు. హ్యూజ్ పటంలో 106 బై 66, అంటే దాదాపు 7 వేల గళ్లు, మామూలుగా 12 రాజ్యాలు. స్మాల్ పటంలో 74 బై 46, దాదాపు 3,400 గళ్లు, 6 రాజ్యాలు. ఇవిగాక నగర రాజ్యాలు వేరే. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు తెచ్చినా ఈ నిరీక్షణ తగ్గదు. నీడలు తీసేసినా, తెర కుదించినా తగ్గదు. ప్రాసెసర్ వేగం పెరగాలి, లేదా పటం చిన్నదవ్వాలి. పిల్లలు కార్డు కోసం వేలకు వేలు పోయించి, ఆఖరి దశలో అదే ఆలస్యం చూసి నీరుగారిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. మన ఇంట్లో అలా జరగకూడదు.

కాబట్టి పరీక్ష ఆఖరి దశకే పెట్టాలి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి అడగవచ్చు. డౌన్‌లోడ్ సమయం ఆ లెక్కలోకి రాదు. ఆ రెండు గంటలను పాఠాలు నేర్చుకోవడానికి ఖర్చు చేయకు. సివిలైజేషన్ 6లో రెండు బెంచ్‌మార్కులు, అంటే యంత్రం వేగం కొలిచే పరీక్షలు, ఉన్నాయి, ఒకటి గ్రాఫిక్స్‌కు, ఇంకొకటి ఏఐ టర్న్‌లకు, అంటే కంప్యూటర్ ప్రత్యర్థుల వంతులకు. నీకు కావలసింది రెండోది. ఒక్కో టర్న్‌కు సగటున ఎంత సేపు పడుతుందో అదే చెబుతుంది. ఆ తర్వాత కొత్త ఆట పెట్టి, అడ్వాన్స్‌డ్ సెటప్‌లో స్టార్ట్ ఎరాను (ఆట మొదలయ్యే యుగం) బాగా చివరి యుగానికి మార్చు. ఒకటికి బదులు ఎక్కువ దళాలతో మొదలవుతుంది కాబట్టి ఒత్తిడి తొందరగా కనిపిస్తుంది. ఇంత పెట్టినా నీకు విసుగు రాకపోతే ఆ ఆట నీదే. అసలు పైసా పెట్టకుండా నీ యంత్రం గుణం తెలుసుకోవాలంటే 0 ఏ.డీ. అనే ఉచిత ఆట దించుకో. జనాభా పరిమితి పెంచి, కంప్యూటర్ ప్రత్యర్థులను నలుగురైదుగురిని పెట్టి, సైన్యాలు నిండేదాకా ఆడు. దళాల దారులు వెతికే భారం ప్రాసెసర్ మీద ఎలా పడుతుందో అందులో బాగా కనిపిస్తుంది.

ర్యామ్ విషయంలో మాత్రం నిన్ను ఖర్చు పెట్టమనే అంటాను. నీ 8 జీబీ ఒకే ముక్కగా ఉందనుకుంటున్నాను, ఇలాంటి ల్యాప్‌టాప్‌లు తరచుగా అలాగే వస్తాయి. ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ప్రాసెసర్ వాడే ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే బావిలో ఇద్దరు చేదలు వేసినట్టు, ఒకరు తోడుతుంటే ఇంకొకరు ఆగాలి. డీడీఆర్4 2400 ముక్క ఒక్కటే ఉంటే సెకనుకు 19.2 జీబీ కదులుతుంది. అదే పరిమాణంలో రెండో ముక్క వేస్తే రెండు చానళ్లూ కలిసి 38.4 జీబీ. గ్రాఫిక్స్‌కు నేరుగా ఉపయోగపడే మార్పు ఇది. జీటీఎక్స్ 1050 కార్డుకు సొంతంగా 112 జీబీ ఉంటుంది కాబట్టి దానికి సాటి రావు, నిజమే. కానీ మాప్ మీద కదలికలు సాఫీగా సాగడానికి ఈ మార్పు చాలు, పైగా మొత్తం 16 జీబీ అవుతుంది. టోటల్ వార్ యుద్ధాల్లో తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

సెట్టింగుల గురించి ఎక్కువ రాయను, నీకే తెలుసు. నీడలు, నీటి ప్రతిబింబాలు, యాంటీ ఎలియాసింగ్ (బొమ్మల అంచులను నునుపుచేసేది) ముందు తగ్గించు. సివిలైజేషన్ 6లో క్విక్ మూవ్‌మెంట్, క్విక్ కంబాట్ పెట్టుకో, దళాలు నడిచే దృశ్యాల కోసం ఆగనక్కర్లేదు. స్ట్రాటజిక్ వ్యూ నొక్కితే పటమంతా చదునైన కాగితం బొమ్మలా మారి గ్రాఫిక్స్ భారం బాగా తగ్గుతుంది. నాకైతే అలా ఆడటమే ఇష్టం, ఎక్కడ ఏముందో ఒక్క చూపులో తెలుస్తుంది.

వేడి సంగతి మరిచిపోకు. నీ ప్రాసెసర్ అసలు వేగం 1.6 గిగాహెర్ట్జ్. అవసరమైనప్పుడు 3.4 దాకా ఎగబాకుతుంది, కానీ చల్లగా ఉన్నంతసేపే. దాన్ని 15 వాట్ల కొలతకు తయారుచేశారు. ఆటలో గంట గడిచాక వేడెక్కి వేగం తనంతట తానే తగ్గించుకుంటుంది. మీ హాస్టల్ గదిలో మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద పరుపు మీద పెట్టి ఆడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, ఎంత మంచి పోర్ట్ అయినా ఈడుస్తుంది. బల్ల మీద పెట్టు, వెనక అంచు కాస్త ఎత్తుగా ఉండేలా చూడు. లోపలి ఫ్యాన్ దుమ్ము దులిపించు. ఫ్రేములను సెకనుకు 30కి పరిమితం చెయ్యి, ఇలాంటి ఆటలకు అది చాలు, వేడి చాలా తగ్గుతుంది. చార్జర్ పెట్టుకునే ఆడు, బ్యాటరీ మీద ఉన్నప్పుడు యంత్రం వేగాన్ని బిగపట్టేస్తుంది.

స్నేహితులతో కలిసి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: డెఫినిటివ్ ఎడిషన్ ఆడతామన్నావు. దాని కనీస పట్టికలో హెచ్‌డీ 4000 కూడా ఉంది, నీది అంతకంటే చాలా ముందుంది, లినక్స్‌లో ప్రోటాన్ మీద నడుస్తుంది. అయితే ర్యాంకు పోటీలు ఆడాలంటే ఆటలోనే ఉన్న బెంచ్‌మార్క్‌లో 1000 రావాలి. ఆ నియమం చాలా న్యాయమైనది. 1997 నాటి తొలి ఆట నుంచీ ఈ వరుసలో అందరి కంప్యూటర్లూ ఒకే యుద్ధాన్ని విడివిడిగా లెక్కకట్టి, ఆటగాళ్ల ఆదేశాలను మాత్రమే ఒకదానికొకటి పంపుకుంటాయి. ఎనిమిది మంది తలా 200 జనాభా నింపితే 1,600. అన్నింటిలోకీ నెమ్మదైన యంత్రం కోసం మిగతా ఏడూ ఆగాలి. నీ వల్ల ఏడుగురి సాయంత్రం పాడుకాకూడదు. స్కోరు తక్కువైతే నలుగురితో చిన్న పటం మీద ఆడు. ఈ పద్ధతిలో లెక్క రవంత తేడా వచ్చినా ఆట తెగిపోతుంది. సివిలైజేషన్ 6లో కూడా, అది లినక్స్‌కు వచ్చిన కొత్తలో, విండోస్ వాళ్లతో కలిసి ఆడే వీలు లేకపోయింది. మిత్రులు ఏ వ్యవస్థ మీద ఆడుతున్నారో కనుక్కున్నాకే కొను.

సివిలైజేషన్ 7 గురించి నిన్ను మభ్యపెట్టను. 2025 ఫిబ్రవరిలో విండోస్‌తో పాటే లినక్స్‌కూ మ్యాక్‌కూ వచ్చింది, కానీ కనీసమే ఐ3 10100 ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 లాంటి కార్డు అడుగుతోంది. నీ యంత్రం ఆ మెట్టు కింద ఉంది. దాన్ని పక్కన పెట్టు. త్రీ కింగ్‌డమ్స్ 720లో ఆడుకో, సివిలైజేషన్ 6 స్మాల్ పటం మీద, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 పూర్తిగా. డిగ్రీ అయ్యేదాకా ఇవి తరగవు.

ముందు వెనక మూత తీయించి ర్యామ్ స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఒకటి ఖాళీగా ఉందో లేదో చూడు. బ్యాటరీ తీగ ఊడదీశాకే లోపల చెయ్యి పెట్టాలి. ఉన్న ముక్క మీద అంటించిన కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపు, వేగం, రకం సరిచూసి రెండో ముక్క నేనే కొని పంపుతాను. ఆ తర్వాత ఏఐ బెంచ్‌మార్క్‌లో ఎంత వచ్చిందో రాయి. అప్పటికీ చాలకపోతే తమ్ముడితో నేనే మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య